కుక్క మెడకు పలుపు



పొద్దుగూకే వేళకు మనం ఏం చేస్తాము? ఎద్దులను గుంజకు కట్టేస్తాము. గేదెకు పలుపు వేస్తాము. గొర్రెలను దొడ్లోకి తోలి తడిక బిగిస్తాము. కోళ్ళను గంప కింద మూస్తాము. ఇంట్లో ప్రతి జీవికీ ఒక కట్టు ఉన్నది. లేనిది ఒక్క కుక్కకే. అడిగితే, "అది కాపలా జంతువు గదండీ, దాన్ని కట్టేస్తే ఎట్లా?" అంటారు.

పరాయి చేలో పడ్డ పశువును బందెలదొడ్డికి తోలడానికి 1871లోనే చట్టం చేశారు. అందులో పశువులంటే ఏవేవో వరసగా రాశారు. ఆవులు, గేదెలే కాదు. ఏనుగు, ఒంటె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక, అన్నీ ఉన్నాయి. కుక్క మాత్రం లేదు. మన మనసులో కూడా కుక్క ఆ జాబితాకు బయటే ఉండిపోయింది. ఎదుటివాడి ఎద్దు మన చేలో పడితే ఊరంతా వినబడేలా కేకలు వేస్తాము. మన కుక్క రాత్రంతా ఊరిమీద తిరిగితే మాత్రం "పోనీలే, తెల్లారితే అదే వస్తుంది" అంటాము.

ఈ "పోనీలే" అనే మాట ఎంతదూరం పోతుందో చెప్పడానికే ఈ ప్రసంగం. ముందు నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. అవి అవసరం లేదు.

అది మెట్ట ప్రాంతంలో ఒక ఊరు. సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాడు శనగ పైరు చూసి వస్తున్నాను. ఒక పెద్దరైతు దారిలో ఆపాడు. "అయ్యా, మా గేదె నిన్నటినుంచీ మేత ముట్టడం లేదు. నోటివెంట చొంగ కారుస్తోంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది. ఒకసారి చూసి పోదురూ" అన్నాడు. నేను చదివింది వ్యవసాయంలో డిప్లొమా, పశువైద్యం కాదు. అయినా పిలిచాడు గదా అని వెళ్ళాను. గేదె అరుస్తోంది. మామూలు అరుపు కాదు, గొంతు బొంగురుపోయి ఆగి ఆగి అరుస్తోంది. రైతు అప్పటికే రెండుసార్లు దాని నోట్లో చెయ్యి పెట్టి వెతికాడట. ఏమీ దొరకలేదు. నా చెయ్యి కాస్త పొడుగు, నన్ను పెట్టి చూడమన్నాడు. నేను చొక్కా చెయ్యి మడిచాను కూడా.

అంతలో కబురందుకున్న పశువైద్యుడు వచ్చారు. వస్తూనే "ఆగండి! ఎవరూ నోట్లో చెయ్యి పెట్టకండి" అని కేక వేశారు. దూరంగా నిలబడి గేదెను కాసేపు చూశారు. తరువాత ఆయన వేసిన మొదటి ప్రశ్న గేదెను గురించి కాదు. "మీ ఇంట్లో కుక్క ఉన్నదా?" అని అడిగారు.

"ఉండేదండీ. కార్తీకంలో చచ్చిపోయింది. గిట్టనివాళ్ళెవరో మందు పెట్టారు" అన్నాడు రైతు.

అప్పుడు ఒక్కొక్క సంగతీ బయటికి వచ్చింది. భాద్రపద మాసం కుక్కలు గుంపులు కట్టి తిరిగే కాలమని మీకు తెలుసు. ఆ నెలలో ఒక రాత్రి ఊరిమీదికి పోయిన కుక్క మెడమీద గాటుతో తిరిగివచ్చింది. ఇంటివాళ్ళు పసుపు అద్దారు. పుండు మానింది. కార్తీకంలో కుక్క తిండి మానేసి మంచం కింద చీకట్లో నక్కడం మొదలుపెట్టింది. మొరుగు మారిపోయింది. ఒకనాడు గాడి దగ్గర గేదె మూతిని కరిచింది. అడ్డువచ్చిన మనవడి పిక్కను దాని పళ్ళు గీసుకుపోయాయి. వాడికి ఆరేళ్ళు. రక్తం పెద్దగా రాలేదు. నాయనమ్మ సున్నం రాసింది. మరో రెండు రోజులకు కుక్క చచ్చిపోయింది. అందరూ మందు పెట్టారనే అనుకున్నారు. ఎదురింటివాళ్ళతో మాటలు కూడా మానేశారు.

పశువైద్యుడు అన్నీ విని, "ఇప్పుడే, ఈ బట్టలతోనే ఆసుపత్రికి బయలుదేరండి. ముందు పిల్లవాణ్ణి ఎక్కించండి" అన్నారు. ఆ పెద్దాయన మెట్లమీద కూలబడిపోయాడు. "నా చేతులు పోతే పోనీండి, వాడి కాలు గీసుకుని రెండు నెలలు దాటింది గదయ్యా" అన్నాడు. ఆ మాట నాకు ఈనాటికీ చెవిలో ఉన్నది.

గేదె మూడోనాడు చచ్చిపోయింది. పిల్లవాడికీ, తాతకూ ఆసుపత్రిలో సూదులు వేశారు. గాయం మానిపోయి నెలలు గడిచినా సరే, జబ్బు లక్షణాలు కనిపించకముందు టీకా వేయించుకోవడానికి ఆలస్యమయిందని లేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవలసిన మాట. అదృష్టవశాత్తూ ఇద్దరూ క్షేమం. పిల్లవాడు బడికి పోతున్నాడు. కాని ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

ఇంతకూ తప్పు ఎక్కడ జరిగింది? కుక్క చెడ్డది కాదు. ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భాద్రపదంలో ఆ కుక్క మెడకు ఒక పలుపు, దాని ఒంట్లో ఒక టీకా ఉంటే, గేదె బతికేది, కుక్కా బతికేది, ఎదురింటివాళ్ళతో పలకరింపులూ బతికేవి.

ఇప్పుడు ఈ జబ్బును గురించి కొంచెం వివరంగా చెప్పుకుందాం. దీన్ని మనం పిచ్చికుక్క జబ్బు అంటాము. వైద్యులు రేబిస్ అంటారు. జబ్బుచేసిన జంతువు చొంగలో దీని విషక్రిమి ఉంటుంది. కాటు ద్వారా, గాయాన్ని నాకడం ద్వారా అది ఒంట్లో దూరి, నరాల వెంబడి నెమ్మదిగా మెదడుకు ప్రాకుతుంది. అందుకే కాటుకూ జబ్బుకూ నడుమ వారాలు, నెలలు పడతాయి. మెదడుకు చేరి లక్షణాలు కనిపించాయా, ఇక దాదాపు ఏ మందూ పనిచెయ్యదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి 99 మందికి అది కుక్కవల్లనే వస్తున్నది. చనిపోయేవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు.

పిచ్చికుక్క అంటే నాలుక వేలాడేసుకుని కనబడినవాడినల్లా కరిచేది అనుకుంటాము. అన్నీ అట్లా ఉండవు. కొన్ని కుక్కలు కదలకుండా మూల నక్కి ఉంటాయి. కింది దవడ జారిపోయి, మింగలేక చొంగ కారుస్తాయి. గొంతులో ఎముక అడ్డుపడిందనుకుని ఇంటివాళ్ళు వేళ్ళు పెడతారు. గేదె విషయంలో మేము చెయ్యబోయింది కూడా ఆ పొరపాటే. కనుక మేత ముట్టక, చొంగ కార్చే పశువు ఏదైనా సరే, నోట్లో చెయ్యి పెట్టకండి. పశువైద్యుణ్ణి పిలవండి.

ఈ జబ్బును అరికట్టడంలో కట్టు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక దేశం కథ ఉన్నది. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొట్టమొదటిసారి కుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడికి టీకా వేయించాడు. అది మనుషులకు, కరిచిన తరువాత వేసేది. కుక్కలకు ముందుగా వేసే టీకాలు ఊరూరా అందేరోజులు అప్పటికింకా రాలేదు. అటువంటి కాలంలో బ్రిటన్ ఒక నిర్ణయం తీసుకున్నది. జబ్బు ఉన్న ప్రాంతాల్లో కుక్కను బయటికి తేవాలంటే మూతికి చిక్కం ఉండాలి. చిక్కం లేకుండా తిరిగే కుక్కను పట్టుకుపోతారు. బయటి దేశాల నుంచి వచ్చే కుక్కను కొన్ని నెలలు విడిగా ఉంచుతారు. వ్యవసాయశాఖ చూసే వాల్టర్ లాంగ్ అనే మంత్రి 1897 నుంచి దీన్ని గట్టిగా అమలు జరిపించాడు. కుక్కల యజమానులు ఆయనమీద మండిపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 1902 నాటికి ఆ దేశంలో రేబిస్ లేకుండా పోయింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో, 1918లో, బయటినుంచి వచ్చిన కుక్కలతో మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే పద్ధతి పట్టారు. 1922కు మళ్ళీ పోయింది. చూశారా! మన ఎడ్లకు నూర్పిడివేళ వేసే చిక్కం వంటిదే, కుక్క మూతికి వేసి, ఇంత పెద్ద జబ్బును సాగనంపారు. ఇప్పుడు మన చేతిలో కట్టుతోపాటు టీకా కూడా ఉన్నది. రెండూ కలిస్తే ఎంత బలమో మీరే ఊహించండి.

ఇక గొర్రెల సంగతికి వద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది తెలంగాణలో, దాదాపు కోటి తొంభై లక్షలు. ఆంధ్రప్రదేశ్ రెండోది, కోటి డెబ్బైఆరు లక్షలు. గొర్రెలు ఇన్ని ఉన్నచోట విచ్చలవిడి కుక్క చేసే నష్టం చిన్నది కాదు. పగలు మీ ఇంటి ముందు తోక ఊపే కుక్కే, రాత్రి నాలుగింటితో కలిస్తే వేట జంతువు అవుతుంది. అది ఆకలికి చంపదు, ఉరుకులాటకు చంపుతుంది. దొడ్లో పడితే తినేది ఒక్కదాన్ని కూడా ఉండదు, చీల్చేది పదింటిని. తొడలు, పొట్ట, చెవులు చీరుకుపోయి ఉంటే అది కుక్కల పని అని కాపరులు పోలుస్తారు. చావని చూడిగొర్రెలు కూడా బెదిరి పరుగెత్తి ఈసుకుపోతాయి. తెల్లారి కాపరి ఊళ్ళోకి వచ్చి అడిగితే ప్రతి ఇంటివాడూ "మా కుక్క అట్లాంటిది కాదు" అనే అంటాడు. అబద్ధమాడుతున్నాడనుకోకండి. నిజంగానే అతనికి తెలియదు. రాత్రి అది ఎక్కడున్నదో అతను చూడలేదు గదా!

బ్రిటన్‌లో ఇందుకోసమే 1953లో ఒక చట్టం చేశారు. పొలంలో ఉన్న పశువులను కుక్క తరిమినా, కరిచినా, ఆ కుక్క యజమానిదే నేరం. తరువాత 1981లో ఇంకా బిగించారు. గొర్రెలున్న పొలంలో కుక్క తాడు లేకుండా, అదుపు లేకుండా తిరగడమే తప్పు అన్నారు. గొర్రెను తాకేదాకా ఆగనక్కరలేదన్నమాట. మందతో నడిచే కాపరి కుక్కకు మినహాయింపు ఉన్నది. అది న్యాయమే. దానికి కాపరి మాటే పలుపు.

కంటికి కనిపించని నష్టం ఇంకొకటి ఉన్నది. గొర్రె తలను ఒక పక్కకు వాల్చి గిరగిర తిరిగి, కొన్నాళ్ళకు పడిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. చాలాసార్లు దాని మెదడులో నీటితిత్తి పెరిగి ఉంటుంది. అది కుక్క పేగులో ఉండే ఒక బద్దెపురుగు పిల్ల. చచ్చిన గొర్రె తలను కుక్క తింటుంది. దాని పేగులో పురుగు పెరుగుతుంది. కుక్క పేడతో గుడ్లు గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మళ్ళీ తిత్తి వస్తుంది. ఇటువంటిదే ఇంకొక బద్దెపురుగు ఉన్నది. దాని గుడ్లు మన చేతులకు, ఆకుకూరలకు అంటి మన నోట్లోకి పోతే, మన కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరుగుతాయి. ఆపరేషన్ దాకా పోవలసి వస్తుంది. కుక్క కట్టి ఉంటే కోసినచోట పారేసిన పేగులు, కాలేయం తినదు, చేలల్లో పేడ వెయ్యదు. పశువైద్యుడు చెప్పిన గడువుకు పురుగుల మందు తాగించి, కోత వ్యర్థాలను లోతుగా పాతిపెడితే ఈ చక్రం తెగిపోతుంది.

కట్టడం కుక్కకూ మేలే. వరిచేలల్లో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకల ఎర పెడతాము గదా! విచ్చలవిడిగా తిరిగే కుక్క దాన్ని తిన్నా, ఆ ఎలుకను తిన్నా ప్రమాదమే. రోడ్డుమీద బండ్లకు అడ్డంపడి అది చస్తుంది, మోటారుసైకిలు మీది మనిషీ పడతాడు. ఎదకు వచ్చిన ఆడకుక్కను వదిలేస్తే సుమారు 63 రోజులకు నాలుగైదు పిల్లలు. వాటిని ఎవరూ తీసుకోరు. అవే రేపటి ఊరకుక్కలు.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోండి. 1860 నాటి శిక్షాస్మృతిలోనే 289వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను వచ్చింది. తన దగ్గర ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికిగాని, తీవ్రమైన గాయానికిగాని అపాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. "కరుస్తుందని నాకేం తెలుసు?" అంటే సరిపోదు. అజాగ్రత్త కూడా నేరమే.

అయితే చట్టానికి రెండో వైపు కూడా ఉన్నది. 1960లో చేసిన జంతుహింస నివారణ చట్టం ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోగాని, మరీ బరువు గొలుసుతోగాని జంతువును తగనంతసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే. అంటే, వదిలెయ్యనూ కూడదు, బిగించనూ కూడదు. ఎద్దుకు పలుపు ఎంత వదులు, ఎంత బిగువు ఉండాలో తెలిసిన రైతుకు ఇది వేరే చెప్పాలా!

కట్టే పద్ధతి ఇది. మెడపట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. రెండు గుంజల నడుమ ఒక ఇనుపతీగ బిగించి, దానికొక కడియం తొడిగి, కడియానికి తాడు కట్టండి. కుక్క తీగ పొడవునా అటూ ఇటూ నడుస్తుంది, తాడు మెలిపడదు. గోడ దూకి వేలాడేటంత పొడుగు మాత్రం వద్దు. నీడ, నీళ్ళు అందాలి. పొద్దున, సాయంత్రం తాడు పట్టుకుని తిప్పండి. పిల్లలు, పశువులు ఎదురైతే తాడు పొట్టిగా పట్టుకోండి. పిల్లగా ఉన్నప్పుడే రోజుకు కొంతసేపు అలవాటు చెయ్యండి. పెరిగాక ఒక్కసారిగా కడితే గింజుకుంటుంది. ఎప్పుడూ కట్టేసి, కొట్టి, కసిరే కుక్కకు కోపం పెరిగే మాట నిజమే. తప్పు పలుపుది కాదు, తిప్పకపోవడానిది. తినే కుక్క దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. రాత్రి కాపలాకు వదలాలంటే, కంప గట్టిగా ఉన్న దొడ్లోపల వదలండి, వీధిలో కాదు. కంప లోపల మొరిగేది కాపలా, కంప బయట తిరిగేది పెత్తనం.

టీకా మరవకండి. మూడు నెలల వయసులో మొదటిది, పశువైద్యుడు చెప్పిన గడువుకు రెండోది, తరువాత ఏడాదికొకటి. ఊళ్ళో నూటికి 70 కుక్కలకు టీకా పడితే ఈ జబ్బు గొలుసు తెగుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. యజమాని లేని కుక్కలకు మందు పెట్టి చంపడం నేరం, పైగా ఫలం లేనిది. చంపినచోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి. వాటిని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, టీకా చేయించి, పట్టినచోటే వదలాలని 2023 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆ పని పంచాయతీ చేత చేయించండి. మీ ఇంటి కుక్క మాత్రం మీ పూచీ.

చివరిగా ఒక మాట. కుక్క కరిస్తే, గీరినా సరే, వెంటనే ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సున్నం, పసుపు, కారం ఏదీ రాయవద్దు. అదేరోజు ఆసుపత్రికి పొండి. బొడ్డుచుట్టూ 14 సూదులు వేస్తారని పెద్దలు భయపెడతారు. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004 ఆఖరులోనే ఆపేశారు. ఇప్పుడు జబ్బమీద వేసే సూదులు కొద్దిపాటివే. గాయం లోతుదైతే దాని చుట్టూ వేసే సీరం కూడా అవసరం. డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటీ తప్పించకండి. కరిచిన కుక్కను చంపకండి. పది రోజులు కట్టి ఉంచి గమనించండి. అది క్షేమంగా ఉంటే డాక్టరుకు చెప్పండి. కట్టి ఉన్న కుక్కనయితే చూడగలం. ఊరిమీద తిరిగేదాన్ని ఎక్కడని వెతుకుతాము?

విస్తరణ కార్యకర్తలకు నా మనవి: పైరు చూడటానికి పోయినప్పుడు ఆ ఇంటి కుక్కను కూడా ఒక చూపు చూడండి. "దీనికి టీకా ఎప్పుడు వేయించారు? రాత్రి ఇది ఎక్కడ పడుకుంటుంది?" అని రెండు ప్రశ్నలు అడగండి. నేను ఆ గేదెను చూసిన రోజునుంచీ ప్రతి ఇంటా అడుగుతున్నాను.

ఈ సాయంత్రం పశువులను కట్టేసేటప్పుడు పలుపులు లెక్కపెట్టుకోండి. ఒకటి తక్కువైతే, అది ఎవరికో మీకు తెలుసు.